ఈ రోజు ఎవరూ రాలేదు

దెందులూరు దాటాక కొల్లేటి వైపు దిగే దారిలో, చేపల చెరువుల మధ్య గట్టు మీద ఒక మోటారు షెడ్డు ఉంది. రేకుల కప్పు, ఒక తలుపు, ఒక కిటికీ. పగలు అటు వెళితే మీరు దాన్ని పట్టించుకోను కూడా పట్టించుకోరు. రాత్రి మాత్రం... అటు వెళ్ళకుండా ఉండడమే మంచిదంటారు.

అక్కడ దెయ్యం ఉంది.

మీద పడదు. పీక నులమదు. జుట్టు విరబోసుకుని పాటలు పాడదు. మీరు గట్టు మీద నడుస్తుంటే వెనకనుంచి వచ్చి, మెల్లిగా, ఎంతో మర్యాదగా ఒక్క మాట అడుగుతుంది —

"ఏవండీ... ఇవాళ తేదీ ఎంతండీ?"

సరిగ్గా చెబితే "మంచిదండీ" అని వెళ్ళిపోతుంది. తప్పు చెప్పారా — తెల్లారేసరికి ఒళ్ళు కాలిపోయే జ్వరం. అందుకని ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఎవర్ని నిద్రలో లేపి అడిగినా తేదీ ఠక్కున చెబుతారు. ఏలూరులో మా ఆఫీసు గోడకి రెండు క్యాలెండర్లున్నాయి. అయినా పొద్దున్న రాగానే అందరూ "ఇవాళెంతండీ?" అని నన్నే అడుగుతారు. వీళ్ళందర్నీ ఒక్క రాత్రి ఆ గట్టు మీద నడిపిస్తే దారిలో పడతారని నాకెప్పట్నుంచో ఉంది.

అసలు చిక్కు అర్ధరాత్రి దాటాక. గడియారం పన్నెండు కొట్టగానే తేదీ మారిపోతుంది. మనకేమో పడుకుని లేస్తే తప్ప మర్నాడు రాదు. సెకండ్ షో చూసి వచ్చేవాడు నిన్నటి తేదీయే చెప్పేస్తాడు. అక్కడే దొరికిపోతారు జనం.

ఆ దెయ్యం పేరు అబ్బాయిరాజు గారు. బతికున్నన్నాళ్ళూ ఆ చెరువులకి గుమాస్తా. తెల్ల పంచె, తెల్ల చొక్కా, మెడలో వేలాడే గుడ్డసంచీ, సంచీలో సుద్దముక్కలు. ఏ రోజు ఎంత మేత వేశారో, నీళ్ళు ఏ రంగులో ఉన్నాయో, ఎవరొచ్చారో, ఎవరు వస్తామని రాలేదో — అన్నీ షెడ్డు గోడ మీద తేదీ వేసి రాసి, కింద తన పేరు పెట్టేవారు. గోడ నిండితే సున్నం కొట్టించి మళ్ళీ మొదలుపెట్టేవారు. తేదీ లేని మాట మాటే కాదనేవారట.

పోవడం కూడా పాపం మంచి చావే, నిద్రలాంటి చావు. కాకపోతే ఆస్పత్రిలో పక్కనున్న నర్సుని ఆఖరిసారి అడిగిన మాట అదేనట. ఆవిడ గోడ వైపు తిరిగి క్యాలెండరు చూసి చెప్పేలోపు... ఆయన వెళ్ళిపోయారు. జవాబు అందకే తిరుగుతున్నారని అక్కడి జనం అంటారు.

నేను దెయ్యాల్ని నమ్మను. అది ముందే చెబుతున్నాను. ఇది నాకు ఫణికిరణ్ చెప్పిన కథ. తాడేపల్లిగూడెంలో పొద్దుటి రైలెక్కి ఏలూరు వచ్చే కుర్రాళ్ళలో ఒకడు, రోజూ నా ఎదురుసీటు అతనిదే. మంచివాడు. తెలివైనవాడు. బద్ధకం మాత్రం ఇద్దరికి సరిపడా ఉంది.

అతను పనిచేసేది ఏలూరులో ఒక బట్టలకొట్టు మేడమీద నడిచే చిన్న కంపెనీలో. అందులో ఈ పనికి ఉన్నది ఇద్దరే — ఫణికిరణ్, అతని మీద అధికారి లక్ష్మీప్రసన్న గారు. వాళ్ళు తయారుచేసింది ఒక పెట్టె. చెరువు నీళ్ళలో గాలి ఎంత ఉందో కొలిచే సెన్సారు ఒకటి నీళ్ళలో వేలాడుతుంది. గాలి తగ్గిందనుకోండి, పెట్టె తనంతట తనే ఏరేటర్లు వేస్తుంది. ఏరేటర్లంటే నీళ్ళని చిలికే చక్రాలు. మబ్బు పట్టిన రాత్రుళ్ళు చేపకి గాలి చాలదు. పైకొచ్చి నోరు తెరుస్తుంది. అప్పుడు చక్రాలు తిరగకపోతే పొద్దున్నకి చెరువంతా తెల్లగా తేలుతుంది, అంతే.

మొదటి పెట్టె బిగించింది ఎక్కడనుకున్నారు... ఆ షెడ్డులోనే.

చెరువు సూర్యకాంతం గారిది. ఆవిడే ఒంటిచేత్తో చేయించుకుంటారు. అబ్బాయిరాజు గారు పోయాక ఎంతమంది కాపలావాళ్ళని పెట్టినా తేదీ అడిగే గొడవకి ఒక్కడూ నిలవలేదు. దెయ్యానికి భయపడనిది మెషినొక్కటే కదా అని ఆవిడ ఈ పెట్టెకి ఒప్పుకున్నారు. ఆ ఏడాది చెరువులో శీలావతి, బొచ్చె చేపలు బాగా ఎదిగి ఉన్నాయి. నేను చెప్పబోయే రాత్రికి చేపలు పట్టడానికి ఇంక వారమే ఉంది. ఏడాది కష్టం మొత్తం ఆ నీళ్ళలోనే ఉంది.

ఇక లక్ష్మీప్రసన్న గారి సంగతి. జోకులు వెయ్యరు, ఒకరు వేస్తే నవ్వరు. ఆవిడకి ఒకటే పట్టు — ప్రాజెక్టులో ప్రతిరోజూ తేదీ వేసి నోట్సు రాయాలి. ఏం చేశాం, ఎందుకు చేశాం, ఏం చెయ్యలేదు. అదీ కాగితం మీద కాదు, గిట్‌లో.

గిట్ అంటే మరేం లేదు. ప్రోగ్రాములో ఎవరు ఏ అక్షరం ఎప్పుడు మార్చారో మర్చిపోకుండా దాచే ఏర్పాటు. రాసింది దానికి అప్పజెప్పడాన్ని కమిట్ అంటారు. అప్పజెప్పేటప్పుడు ఎందుకు మార్చామో ఒక్క వాక్యంలో చెప్పాలి. కింద మీ పేరు పడుతుంది. ఆ తర్వాత గీక్కున్నా పోదు. మార్చామనే మాటతో సహా ఉండిపోతుంది.

"ఇంత చిన్నదానికి కూడా నోట్సెందుకు మేడం?" అని మొదట్లో ఫణికిరణ్ అడిగాడట.

"ఆర్నెల్లు పోయాక ఇది చేసింది ఎవరా అని మీరే వెతుక్కుంటారు" అన్నారావిడ.

అతను నమ్మలేదు.

మొదట్లో రోజూ సాయంత్రం ఏలూరునుంచి చెరువు దగ్గరికి వెళ్ళేవాడు. సెన్సారు మీద పాకుడు పడుతుంది, రెండుమూడు రోజులకోసారి బ్రష్షుతో కడగాలి. కడిగేవాడు, నోట్సు రాసేవాడు. షెడ్డు కథ తెలియదు మరి. ఒకరోజు దెందులూరులో టీ తాగుతుంటే పక్కవాడు "ఎక్కడికండీ రోజూ?" అని అడిగి, చెబితే విని, గ్లాసు కింద పెట్టేశాడు. తర్వాత మొత్తం కథ చెప్పాడు, గొంతు తగ్గించి.

ఆ మర్నాటినుంచి ఫణికిరణ్ మాతోపాటే సాయంత్రం రైలెక్కి తాడేపల్లిగూడెం వచ్చేసేవాడు.

మరి నోట్సు? మేడం చదివేది సోమవారాలే గనక, ఆదివారం రాత్రి ఇంట్లో మంచమ్మీద కూర్చుని వారం నోట్సూ ఒకేసారి రాసేవాడు. ఏ తేదీ కావాలంటే ఆ తేదీ వేసి అప్పజెప్పడానికి గిట్‌లో దొడ్డిదారి ఒకటుందట. "చెరువు దగ్గరికి వెళ్ళాను. సెన్సారు కడిగాను. రీడింగులు బాగున్నాయి." వారానికి ఇదే. కాస్త నిజంలా ఉండడానికి ఒకరోజు "గాలి ఎక్కువగా ఉంది" అని, ఇంకోరోజు "కాలికి ముల్లు గుచ్చుకుంది" అని కలిపేవాడు. అతను వెళ్ళడం మానేసిన వారంలోనే పెట్టెలో సిమ్ము కూడా పనిచెయ్యడం మానేసింది, అక్కణ్ణించి కబురే లేదు. దానికీ ఒక వాక్యం రాశాడు — "నెట్‌వర్క్ లేదు, నేనే స్వయంగా వెళ్ళి చూస్తున్నాను."

అలా రెండు వారాలు గడిచాయి.

వెళ్ళడం మానేశాక రెండో ఆదివారం. పదిహేడో తేదీ. పొద్దుటినుంచి మబ్బు. గాలి కదలడం లేదు. రాత్రి భోజనం చేసి ఫణికిరణ్ యథాప్రకారం మంచమ్మీద కూర్చుని వారం నోట్సు అల్లేశాడు. అప్పజెప్పి, ఇద్దరి రాతలూ కలిసి ఉండే ఆఫీసు ఖాతాకి పంపాడు.

వెళ్ళలేదు.

తెర మీద ఎర్ర అక్షరాలు — మీ దగ్గర లేనివి అక్కడ కొన్ని ఉన్నాయి, ముందు అవి తెచ్చుకుని తర్వాత మీవి పంపండి.

ఇంకెవరైనా ముందుగా ఏదైనా పంపి ఉంటే గిట్ అలాగే అంటుందట. కానీ ఇంకెవరు? ఉన్నది ఇద్దరు. లక్ష్మీప్రసన్న గారు ఆదివారం కంప్యూటరు ముట్టుకోరు, అదీ ఒక నియమమే ఆవిడకి.

తెచ్చుకున్నాడు. చూశాడు...

తను రాసిన ప్రతి నోట్సు పక్కనా ఇంకో నోట్సు ఉంది. అదే తేదీతో.

"తేదీ 5. చెరువు దగ్గరికి వెళ్ళాను. సెన్సారు కడిగాను. — ఫణికిరణ్."

"తేదీ 5. ఈ రోజు ఎవరూ రాలేదు. — అబ్బాయిరాజు."

కిందికి జరిపాడు.

"తేదీ 6. ఈ రోజు ఎవరూ రాలేదు. — అబ్బాయిరాజు."

ఏడు. ఎనిమిది. తొమ్మిది... కాలికి ముల్లు గుచ్చుకున్న రోజు కూడా. ఎవరూ రాలేదు. ఎవరూ రాలేదు. ఎవరూ రాలేదు.

ఫణికిరణ్ లాప్‌టాప్ మూసేశాడు. మూసి, దాని మీద దిండు పెట్టాడు. దిండు మీద తను కూర్చున్నాడు. ఎందుకలా చేశావయ్యా అని నేనడిగితే, ఏమోనండీ, లోపల్నుంచి వస్తుందేమోనని అన్నాడు.

అప్పుడు ఫోను మోగింది.

"బాబూ, నేను సూర్యకాంతాన్ని. పడుకున్నావా?"

"లేదండీ అమ్మగారూ... చెప్పండి."

"ఏం లేదు, మబ్బు చూసి భయమేసింది. మీ మేడం గారికి చేస్తే, నువ్వు తప్పకుండా వచ్చి కడుగుతున్నావని నోట్సులో చదివానన్నారు. ఇంక దిగుల్లేదులే. ఆ సిమ్ముకి డబ్బులయిపోయాయని నా ఫోనుకే మెసేజీలొస్తుంటే, మా మేనల్లుడి చేత ఇవాళ సాయంత్రం వేయించాను కూడా. ఇంక పడుకుంటాను బాబూ. నాలుగు రోజులై నిద్ర లేదు."

"అమ్మగారూ..." అన్నాడు. 

"నువ్వున్నావు, పెట్టె ఉంది. ఇంకేం భయం?" అని ఆవిడ ఫోను పెట్టేశారు.

అతను చాలాసేపు అలాగే కూర్చున్నాడు, దిండు మీద. రెండు వారాల పాకుడు. మబ్బు. కదలని గాలి. ఆ పాకుడు వల్ల సెన్సారు పాత లెక్కే చూపిస్తూ ఉంటుంది, గాలి దండిగా ఉందనుకుని పెట్టె ఊరుకుంటుంది, చక్రాలు తిరగవు. ఆవిడేమో తను రాసిన అబద్ధాన్ని నమ్మి నిద్రపోయింది. ఫోను చేసి నిజం చెబుదామని రెండుసార్లు తీశాడు. రెండుసార్లూ పెట్టేశాడు. సిగ్గేసింది. భయమూ వేసింది. ఏది ఎక్కువో అతనికే తెలియలేదు.

లాప్‌టాప్ వీపుకి తగిలించుకుని బండి తీసేసరికి ఇంట్లో అందరూ నిద్రపోయారు.

కైకరం, భీమడోలు, దెందులూరు... హైవే మీద లారీల వెలుగు ఉన్నంతసేపూ ధైర్యంగానే ఉన్నాడు. చెరువుల దారిలోకి తిరిగాక చీకటి. ముందు బండి లైటు, అటూ ఇటూ నీళ్ళు. గట్టు బురదగా ఉంది, కొంతదూరం వెళ్ళాక బండి వదిలేసి నడవాల్సి వచ్చింది.

నడుస్తూ ఒకటే గొణుక్కుంటున్నాడు. "పదిహేడు... పదిహేడు... ఆదివారం, పదిహేడు..."

షెడ్డు కనిపించింది.

తలుపు ముందు గట్టు మీద... తెల్లగా... ఎవరో నిలబడి ఉన్నారు.

కదలడం లేదు. తల కొద్దిగా వంచుకుని ఉన్నారు. మెడ కింద... సంచీ వేలాడుతోంది.

ఫణికిరణ్ ఆగిపోయాడు. వెనక్కి తిరుగుదామంటే వెనకనుంచే కదా అడుగుతుంది. ముందుకు వెళదామంటే ముందే ఉంది.  అడక్క ముందే చెప్పేస్తే నయమనిపించి, రెండు చేతులూ జోడించి —

"పదిహేడండీ" అన్నాడు. "పదిహేడండీ బాబూ. పదిహేడే."

అది తలెత్తింది. నోరు తెరిచింది. ఎంత నోరంటే... మనిషికి ఉండే నోరు కాదది. సంచీ సాంతం నోరే. టప్పుమని మూసింది. రెండు పెద్ద రెక్కలు విప్పి, అతని తలమీదుగా బరువుగా ఎగిరి, చీకట్లోకి పోయింది.

గూడబాతు. కొల్లేటి గూడబాతు, ముక్కు కింద సంచీ వేలాడే పెద్ద పక్షి. కాపలా లేని చెరువు చూసి విందుకొచ్చింది.

ఫణికిరణ్ బురదలో కూర్చుండిపోయాడు. నవ్వొచ్చిందట. ఏడుపూ వచ్చిందట. రెండూ అయ్యేలోపు ఇంకో చప్పుడు వినిపించింది...

చప్. చప్. చప్. నీళ్ళ మీద, చుట్టూతా. సన్నగా, ఆగకుండా.

ఫోను లైటు నీళ్ళ మీద వేశాడు. చెరువు నిండా నోళ్ళు. చేపలన్నీ పైకొచ్చి గాలి కోసం నోళ్ళు తెరుస్తున్నాయి.

ఆ తర్వాత దెయ్యం సంగతి అతనికి గుర్తు లేదు. షెడ్డు తలుపు తోసి బ్రష్షు తీసుకుని, నీళ్ళ మీదికి వేసిన చెక్కబల్ల మీద బోర్లా పడుకుని, సెన్సారు పైకి లాగాడు. దానికి వేలెడు మందాన పాకుడు. గీకాడు, కడిగాడు, చొక్కాతో తుడిచాడు, మళ్ళీ నీళ్ళలో వదిలాడు. లోపల పెట్టె కాసేపు ఆలోచించింది. దానికి ఇప్పుడు తెలిసింది అసలు సంగతి. టక్కుమని చప్పుడు, వెంటనే చెరువు నాలుగు మూలలా చక్రాలు తిరగడం మొదలుపెట్టాయి.

బల్ల మీదే పడుకుని చూస్తూ ఉన్నాడు. చాలాసేపటికి ఒక్కొక్క నోరే మూసుకుని కిందికి దిగింది. పోయినవి కొన్నే. చెరువు దక్కింది. ఆ రాత్రంత సంతోషం తనకి ఉద్యోగం వచ్చిన రోజు కూడా లేదని ఫణికిరణ్ నాతో అన్నాడు.

సంతోషంతోపాటు కొంచెం బుద్ధి కూడా తిరిగొచ్చింది. లాప్‌టాప్ తీసి పెట్టెకి తగిలించాడు. అబ్బాయిరాజు పేరుతో నోట్సు వచ్చింది ఎక్కణ్ణించో చూద్దామని.

వచ్చింది ఆ పెట్టెలోంచే.

అందులో ఒక చిన్న ప్రోగ్రాము ఉంది. షెడ్డు తలుపు తెరిస్తే పెట్టెకి తెలిసేలా తీగ ఒకటి బిగించి ఉంది, రోజంతా ఆ తలుపు తెరుచుకోకపోతే, రోజు చివర "ఈ రోజు ఎవరూ రాలేదు" అని తేదీ వేసి గిట్‌కి అప్పజెప్పు — అంతే ఆ ప్రోగ్రాము. సిగ్నలు లేకపోతే దాచుకో, వచ్చినప్పుడు అన్నీ కలిపి పంపు. సాయంత్రం సూర్యకాంతం గారు సిమ్ముకి డబ్బులు వేయించారు. రెండు వారాల మూటా ఒకేసారి వచ్చి పడింది.

రాసిన ఘనుడెవరా అని చూస్తే... ఫణికిరణే.

మెల్లిగా గుర్తొచ్చింది. పెట్టె బిగించిన మొదటి రోజు. హుషారు మీద ఉన్నాడు, ఒక ముచ్చట కొద్దీ రాసిపెట్టాడు. ఈ పెట్టె రాసే నోట్సు కింద ఎవరి పేరు వెయ్యమంటావని గిట్ అడిగింది. ఎదురుగా గోడ మీద సుద్దతో ముత్యాల్లాంటి అక్షరాలు, ప్రతి తేదీ కిందా ఒకటే పేరు. ఆ మనిషి పోయాడని అప్పటికి తెలియదు. బాగుంది కదా అని ఆ పేరే కొట్టేశాడు. తర్వాత రోజూ వెళ్ళేవాడు గనక ఆ ప్రోగ్రాముకి రాసే అవసరం రాలేదు. ఇతనూ మర్చిపోయాడు.

ఆ రోజు నోట్సులో ఉండాలి కదా అని వెతికాడు. మర్నాటివి ఉన్నాయి, అటు తర్వాతవి ఉన్నాయి. ఆ ఒక్కరోజుది లేదు. ఇంత చిన్నదానికి నోట్సెందుకని రాయలేదు మరి.

ఒక్కడే పగలబడి నవ్వుకున్నాడట ఆ షెడ్డులో. అబ్బాయిరాజు గారూ, మీరూ లేరు, మీ దెయ్యమూ లేదు, ఉన్నదల్లా నా బద్ధకమే అనుకున్నాడు. ఆ ప్రోగ్రాము చెరిపేశాడు. పెట్టె పేరు మార్చి "షెడ్డు పెట్టె" అని పెట్టాడు. అబ్బాయిరాజు అన్న మాట పెట్టెలో ఎక్కడా లేకుండా వెతికి వెతికి తీసేశాడు. కాళ్ళు చాపుకుని గోడకి చేరగిలబడ్డాడు, ఇక నాకు భయమేమిటని.

వెనక కిటికీలోంచి, మెల్లిగా —

"ఏవండీ..."

"పదిహేడండీ" అని అరుస్తూ లేచాడు.

"పదిహేడేంటి బాబూ? నేను... సూర్యకాంతాన్ని."

చక్రాల చప్పుడుకి మెలకువొచ్చి టార్చిలైటు పట్టుకుని వచ్చారావిడ. బురదలో మునిగిన అతన్ని చూశారు. తడిసిన బ్రష్షు చూశారు. అక్కడక్కడా తెల్లగా తేలిన చేపలు చూశారు. అతను ఏదీ దాచలేదు. రెండు వారాలూ తను రాలేదని, రాసిందంతా అబద్ధమని చెప్పేశాడు.

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేదన్నాడు ఫణికిరణ్.

"నువ్వు కడిగావని రాశావంటేనే నేను పడుకున్నాను బాబూ" అన్నారు. "అబ్బాయిరాజు గారున్నప్పుడూ అంతే. గోడ మీద ఆయన రాసింది చూసుకుని పడుకునేదాన్ని. ఆయన రాశారంటే అయినట్టే. నీ రాత కూడా అలాంటిదే అనుకున్నాను."

ఫణికిరణ్ బ్రష్షు తీసి మూల పెట్టాడు.

"సరేలే. టీ పెడతాను, ఇంటికి రా" అని ఆవిడ వెళ్ళిపోయారు.

అతను వెంటనే వెళ్ళలేదు. ముందు ఆ రోజు నోట్సు రాశాడు, ఆ షెడ్డులోనే, గోడ మీది సుద్దగీతల ఎదురుగా కూర్చుని. అల్లింది కాదు. పూసగుచ్చినట్టు మొత్తం.

"తేదీ 17. ఇప్పటివరకూ రెండు వారాలుగా నేను రాసిన నోట్సు అబద్ధం. నేను చెరువు దగ్గరికి రాలేదు. ఆ తేదీల్లో అబ్బాయిరాజు పేరుతో ఉన్నవే నిజం. ఆ పేరు పెట్టింది, ఆ ప్రోగ్రాము రాసింది నేనే. పెట్టి, నోట్సు రాయలేదు. సెన్సారుకి పాకుడు పట్టి చక్రాలు తిరగలేదు. ఈ రాత్రి వచ్చి కడిగాను. కొన్ని చేపలు పోయాయి. తప్పు నాది. — ఫణికిరణ్."

అప్పజెప్పాడు. ఈసారి ఎర్ర అక్షరాలు రాలేదు. వెళ్ళింది. లాప్‌టాప్ మూశాడు. దాని మీద దిండేమీ పెట్టలేదు.

టీ తాగి, తెల్లవారుతుండగా తాడేపల్లిగూడెం చేరి, మంచమెక్కేసరికి వణుకు మొదలైంది. ఒళ్ళు కాలిపోతోంది. రాత్రంతా తడిసినందుకే అన్నాడు డాక్టరు. ఎవరైనా అదే అంటారు.

మధ్యాహ్నం దుప్పటి కప్పుకుని పడుకుని ఉండగా లక్ష్మీప్రసన్న గారు ఫోను చేశారు.

"ఫణికిరణ్ గారూ. నోట్సు చదివాను."

"చెప్పండి మేడం." ఉద్యోగం పోయిందనే అనుకున్నాడు.

"రెండు వారాల అబద్ధం గురించి రేపు మాట్లాడదాం. సూర్యకాంతం గారు ఫోను చేశారు. మిమ్మల్ని తీసెయ్యొద్దన్నారు. రోజూ మిమ్మల్నే పంపమన్నారు, ఆ గోడ మీద కూడా రాయించమన్నారు."

అతనికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వెళతాను మేడం. రోజూ వెళతాను."

"అది సరే. ఇంకొకటి అడగాలి." ఆవిడ కాస్త ఆగారు. ఆగే మనిషి కాదావిడ. "రాత్రి మీరు పంపిన కాసేపటికే మీ నోట్సు మీద ఇంకో కమిట్ ఉంది. అది మీరు చేశారా?"

"లేదు మేడం. ఒక్కటే పంపాను. వెంటనే మూసేశాను."

"నేనూ చెయ్యలేదు. చేసినవాళ్ళు మీ మాట ఒక్కటీ మార్చలేదు. తేదీ మాత్రం దిద్దారు. పదిహేడు తీసేసి పద్దెనిమిది చేశారు. కింద పేరు మీదీ కాదు, నాదీ కాదు. ఎవరండీ?"

ఫణికిరణ్ లేచి కూర్చున్నాడు. లాప్‌టాప్ తెరిచాడు.  నోట్సు తీశాడు. తేదీ 18. ఎందుకు మార్చారో చెప్పే ఆ ఒక్క వాక్యం కోసం కిందికి జరిపాడు...

"పన్నెండు దాటిందండీ. — అబ్బాయిరాజు."